పరపతికి పునాది: సర్ దొరాబ్జీ టాటా

కంపెనీకి ఋణమిచ్చువారు దాని ఆస్తిని, లాభనష్టముల లెక్కలను పరిశీలింతురు. అది యుక్తమే. కాని కష్టకాలమున యజమాని తన సొమ్మును దాచుకొనునా, కూలివాని జీతమును చెల్లించునా యనునది ఏ లెక్కల పుస్తకమునను కానరాదు. సర్ దొరాబ్జీ టాటా చరిత్రము ఈ విషయమున మిక్కిలి బోధకరము.

ఈయన 1859వ సంవత్సరము ఆగష్టు 27వ తేదీన జంషెడ్జీ టాటాకు జ్యేష్ఠపుత్రుడుగా జన్మించెను. కేంబ్రిడ్జిలోను బొంబాయిలోను చదివి, కొంతకాలము పత్రికారచన చేసి, పిదప తండ్రి వ్యాపారమున ప్రవేశించెను. 1904లో తండ్రి గతించునాటికి ఉక్కు కార్ఖానా సంకల్పముగనే యుండెను. మూలధనమునకై లండను నాశ్రయింపగా అచ్చటి ధనికులు ముందుకు రారైరి. 1907లో వాటాలను స్వదేశముననే విక్రయింపగా, మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు 16,30,000 పౌనులను సమకూర్చిరి. 1912 ఫిబ్రవరిలో జంషెడ్‌పూరున ఉక్కు సిద్ధమయ్యెను.

ఆ యేటనే కార్ఖానాలో ఎనిమిది గంటల పనిదినము ఏర్పడెను. 1915లో ఉచిత వైద్యమును, 1920లో భవిష్యనిధియు, జీతముతోడి సెలవును వచ్చెను. శాసనము నిర్బంధింపకమునుపే ఇవి అమలులోనికి వచ్చుట గమనింపదగినది.

యుద్ధానంతరమున విస్తరణవ్యయము పెరిగెను. విదేశపు టుక్కు చౌకగా దిగుమతి యయ్యెను. ముఖ్యమైన కొనుగోలుదారగు జపాను 1923లో భూకంపముచే దెబ్బతినెను. 1924లో జీతములకు సొమ్ము చాలదని జంషెడ్‌పూరునుండి తంతి వచ్చెను. పరిమితబాధ్యత గల కంపెనీలో వాటాదారుని నష్టము అతని వాటా మేరకే. సొంత యాస్తిని పూచీ పెట్టుమని చట్టము కోరదు. అయినను దొరాబ్జీ సుమారు కోటి రూపాయల స్వంత యాస్తిని, భార్య మెహర్‌బాయి నగలతోను, 245 క్యారట్ల జూబిలీ వజ్రముతోను గూడ, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టుంచి ఋణము తెచ్చెను. అదే సంవత్సరము ఉక్కు పరిశ్రమకు సంరక్షణ శాసనమును వచ్చెను. కంపెనీ నిలిచెను.

అంతమాత్రమున కార్మికుల కోరికలన్నియు తీరినవని చెప్పరాదు. 1920, 1922, 1928 సంవత్సరములలో అచ్చట సమ్మెలు జరిగెను. సౌకర్యములు కల్పించుటతో యజమాని ధర్మము ముగియదని అవి తెలిపినవి.

దొరాబ్జీ 1932 జూను 3వ తేదీన జర్మనీలో మరణించెను. అంతకు కొన్ని నెలల ముందే తన సంపదను ధర్మనిధికి అర్పించియుండెను. 1941లో బొంబాయిలో వెలసిన క్యాన్సరు వైద్యశాల ఆ నిధి ఫలమే.

సౌమ్యకాలమున చేసిన ధర్మము ఉక్కు ధరను నిలుపలేదు, అప్పును తీర్పలేదు. కాని యజమాని తన నష్టమును ఇతరులపై త్రోయడను నమ్మకమును పుట్టించును. వాటా కొనువారును, ఋణమిచ్చువారును ఆస్తిపట్టికతోపాటు దీనినిగూడ విచారించుట క్షేమము.