డేవిడ్ ససూన్

బాగ్దాదు నగరమున యూదులు ప్రాచీనకాలము నుండి నివసించుచుండిరి. ఆ సంఘమునకు పెద్దయు, పాషాల కోశాధికారియు నగు సాలె ససూనునకు 1792లో డేవిడ్ జన్మించెను. అతనికి సిరికిగాని చదువుకుగాని కొదువ లేకుండెను. హీబ్రూ, అరబ్బీ, పారసీక, తురుష్క భాషలు అతనికి వచ్చును.

1817లో దావూదు పాషా బాగ్దాదునకు పాలకుడయ్యెను. అతడు ధనికులగు యూదులను పీడించి ధనము గుంజుచుండెను. ప్రాణభయముచే డేవిడ్ జన్మభూమిని విడిచి, బస్రా మీదుగా పర్షియా దేశపు రేవగు బుషైరు చేరెను. వృద్ధుడైన తండ్రియు నచటికే వచ్చి పరదేశముననే కన్ను మూసెను. నిన్నటివరకు పదిమందికి అండయై యుండిన పెద్దకు ముసలితనమున నిలువనీడ లేకపోవుట ఎట్టిదో కుమారుడు కన్నులార చూచెను.

1832లో డేవిడ్ కుటుంబముతో బొంబాయికి వచ్చి వర్తకమారంభించెను. దూది, వస్త్రములు, నల్లమందు అతని ముఖ్య సరకులు. నల్లమందు చీనా ప్రజలకు చేసిన కీడు అల్పము కాదు. అతని దానములను చెప్పుచు ఈ మాటను దాచుట తగదు. 1844లో కుమారుడగు ఇలియాసు చీనాకు వెళ్లెను. క్రమముగా హాంకాంగు, షాంఘై నగరములందు వారి కొట్లు వెలసెను.

కొంకణతీరమున బెనె ఇజ్రాయేలులను యూదులు పూర్వమునుండియే కలరు. వారి భాష మరాఠీ. బాగ్దాదు నుండి వచ్చినవారు కొలదిమంది, వారిది అరబ్బీ. పనియు భాషయు లేక రేవున దిగిన పేదలకు డేవిడ్ ఇల్లే దిక్కయ్యెను. అయితే అన్నము పెట్టి పంపుటతో అతడు తృప్తిపడలేదు. బైకల్లాలో 1861లో మాగెన్ డేవిడ్ ప్రార్థనా మందిరమును కట్టించి, దానిని ఆనుకొని తన జాతి బాలురకు పాఠశాలను నెలకొల్పెను. అందు హీబ్రూ, అరబ్బీ, ఇంగ్లీషు నేర్పుచుండిరి. ససూనుల వ్యాపార లేఖలు అరబ్బీ భాషలో, హీబ్రూ లిపిలో నుండెడివి. కావున అక్కడి చదువు పిల్లవానికి మతజ్ఞానమును, జీవనోపాధిని కూడ నిచ్చెను. చదువు ముగిసినవారు ఆ కొట్లలో గుమాస్తాలై దూరదేశములకు పోవుచుండిరి. ఎచటనున్నను శనివారమున కొట్టు మూయవలసినదే. అది వారి విశ్రాంతిదినము.

చిత్రమేమనగా, పిల్లలకు ఇంగ్లీషు చెప్పించిన ఆ పెద్దకు ఇంగ్లీషు రాదు. 1853లో బ్రిటిషు పౌరసత్వము పొందినప్పుడు పత్రముపై హీబ్రూలోనే సంతకము చేసెను. తలపాగాను, పొడవైన అంగీని కడవరకు విడువలేదు.

వార్ధక్యమున అతడు పూనాలో తరచు నివసించెను. అచట నిరాశ్రయులగు వృద్ధులకును వికలాంగులకును ఒక ఆశ్రయగృహము నేర్పరచెను. అది యూదులకు మాత్రమే గాక అన్ని మతములవారికిని తెరవబడెను. తండ్రికి బుషైరులో దొరకని నీడ ఇచట పరాయివారికి దొరకెను. ఆ గృహము నేటికిని 'నివారా' అను పేరుతో వృద్ధులకు ఆశ్రయమిచ్చుచున్నది. ఆ నగరమునందలి ససూను వైద్యశాలయు అతని దానముతో లేచినదే.

1864 నవంబరులో డేవిడ్ పూనాలో మరణించెను. అప్పటికి అతడు తలపెట్టిన ఓహెల్ డేవిడ్ మందిరము పూర్తికాలేదు. 1867లో అది ముగిసెను. ఎఱ్ఱని ఇటుకల కట్టడమగుటచే పూనావాసులు దానిని లాల్ దేవళమనిరి. అతని సమాధి ఆ ఆవరణముననే యున్నది.