చక్రముపై భూప్రదక్షిణము – థామస్ స్టీవెన్స్

మన కళాశాలకు సైకిలుపై వచ్చు విద్యార్థులు కొందరున్నారు. మోటారు వాహనముల నడుమ దానిని నిలుపుటకు సంకోచించి, ఏదో ఒక మూలన దాచినట్లు ఉంచుటను మేము గమనించినాము. ఆ సంకోచము అనవసరమని తెలుపుటకే, సైకిలుపై ఒంటరిగా ప్రపంచమును చుట్టివచ్చిన తొలి వ్యక్తి జీవితమును ఇక్కడ స్మరించుకొనుచున్నాము.

థామస్ స్టీవెన్స్ 1854 డిసెంబరు 24న ఇంగ్లండులోని బెర్క్‌హామ్‌స్టెడ్‌లో జన్మించాడు. యౌవనారంభములోనే అమెరికాకు వలసవెళ్ళి, మిల్లులోను గనిలోను పనిచేసి పొట్టపోసుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో సైకిలు త్రొక్కుట నేర్చుకున్నాడు.

ఆనాటి సైకిలు నేటి దానివంటిది కాదు. అతని సైకిలుకు ముందు చక్రము 50 అంగుళములు, వెనుకది చిన్నది. గొలుసు లేదు, గాలి నింపిన టైరు లేదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. చక్రము రాతికి తగిలినచో, ఎత్తున కూర్చున్నవాడు తలక్రిందులుగా పడవలసినదే.

అట్టి వాహనముపై, మేజోళ్ళు, ఒక చొక్కా, గుడారముగా కూడా పనికివచ్చు వానకోటు, ఒక రివాల్వరు మాత్రమే వెంటబెట్టుకొని, స్టీవెన్స్ 1884 ఏప్రిల్ 22న శాన్ ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరాడు. ఆగస్టు 4న బోస్టను చేరాడు. ఆ దూరములో మూడవ వంతుకు పైగా అతడు సైకిలును నడిపించుకొనుచు కాలినడకనే సాగాడు. ఈ విషయమును దాచుకొనకపోవుట అతని గొప్పతనము.

1885 మే 4న లివర్‌పూలు నుండి యాత్ర తిరిగి మొదలైనది. ఐరోపా దాటి, ఇస్తాంబులు మీదుగా అనటోలియాలో ప్రవేశించాడు. త్రొక్కి చూపనిదే అక్కడి గ్రామప్రజలు అతనిని విడిచేవారు కారు. టెహరానులో చలికాలము గడిపి, షా నాసిరుద్దీన్ ఎదుట కూడా సైకిలు నడిపాడు. రష్యా అనుమతి నిరాకరించినది. ఆఫ్ఘన్ అధికారులు నిర్బంధించి వెనుకకు పంపారు. అయినను అతడు యాత్ర మానలేదు. చుట్టుదారిన సముద్రముపై మన దేశము చేరి, 1886లో లాహోరు నుండి ఢిల్లీ, ఆగ్రా, కాన్పూరు, అలహాబాదు, కాశీల మీదుగా గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై కలకత్తా వరకు మండుటెండలో ప్రయాణించాడు. చైనాలో అల్లరిమూకల నుండి అక్కడి అధికారులే అతనిని కాపాడారు. 1886 డిసెంబరు 17న జపానులోని యొకహామాలో యాత్ర ముగిసినది. సైకిలుతో సాగిన దూరము సుమారు 13,500 మైళ్ళు. ఆ అనుభవములను రెండు సంపుటములుగా ప్రకటించి, 1935లో లండనులో మరణించాడు. అతని సైకిలు రెండవ ప్రపంచయుద్ధ కాలమున పాత ఇనుములో కలసిపోయినది.

స్టీవెన్స్ ఆసియా దిశగా సాగుచున్న 1885లోనే, కవెంట్రీలో స్టార్లీ దాదాపు సమానమైన చక్రములు, గొలుసు గల రోవరు సైకిలును వెలువరించాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చినది. ఈ రెంటితో సైకిలు సాహసికుని సొత్తుగా మిగిలిపోక, గుమాస్తాకు, పాలవానికి, ఉపాధ్యాయునికి, విద్యార్థినికి నగరవీధులలో నిత్యవాహనమైనది.

పెట్రోలు అడుగని, పొగ విడువని, పేదవాని చేతికందు ఈ వాహనమును చూచి సిగ్గుపడవలసినది ఏమున్నది? ఎక్కగలిగినచోట త్రొక్కుట, ఎక్కలేనిచోట దిగి నడుచుట, ఎక్కడను ఆగకుండుట – స్టీవెన్స్ జీవితము నుండి మనము గ్రహింపవలసినది ఇదే. చదువు దారికి కూడా ఇదే వర్తించునని మా విశ్వాసము.