గాథల రేడు హాలుడు

ద్రాక్షారామ భీమేశ్వరుని దర్శించినప్పుడెల్ల మేము శాతవాహన ప్రభువైన హాలుని స్మరింతుము. పురాణములు ఆయనకిచ్చినది 5 ఏండ్ల పాలన మాత్రమే. అయినను కోటి గాథలనుండి 700 ఏరి, ప్రాకృతమున సప్తశతిగా కూర్చెనని ప్రసిద్ధి. అందు రాజసభలకంటె పల్లెలే మిక్కుటము: పైరు కాచు పడుచులు, గోదావరి ఒడ్డులు, కారుచున్న పూరింట బిడ్డకు తన తల అడ్డుపెట్టు పేదరాలు. 'అత్త', 'పిల్ల' వంటి మన మాటలును కలవు. చీనావారి 305 ప్రాచీన గీతముల సంకలనమైన షీజింగువలె ఇదియు సామాన్యుల బ్రతుకునకు గవాక్షము. 8వ శతాబ్ది ప్రాంతమున కుతూహలుడు తన లీలావతీ కావ్యమున, సింహళ రాకుమారితో హాలుని వివాహమును ఈ సప్తగోదావరి భీమక్షేత్రముననే జరిపించెను. శాతవాహన రాజ్యము అంతరించినది. పేదతల్లి గాథ నిలిచినది. మన ఇండ్లలో అమ్మమ్మలు, దాదీలు పాడు పాటలను, తెలుగైనను ఉర్దూయైనను, వ్రాసి దాచుట మన విధి కాదా?