పాల్ఘాట్ మణి అయ్యర్ గారి మృదంగం

త్యాగరాజ ఆరాధన దగ్గర పడుతోంది. ఈసారి గాయకుల గురించి కాక, వారి పక్కన కూర్చునే మృదంగ విద్వాంసుల గురించి చెప్పుకుందాం.

శ్రీ పాల్ఘాట్ మణి అయ్యర్ గారు 1912లో కేరళలోని పాలక్కాడు ప్రాంతంలో జన్మించారు. తండ్రి శేషం భాగవతార్ గాయకులు. మణి అయ్యర్ గారు చాతపురం సుబ్బయ్యర్ గారి వద్ద, తరువాత తంజావూరు వైద్యనాథ అయ్యర్ గారి వద్ద నేర్చుకుని, చిన్న వయసులోనే చెంబై వైద్యనాథ భాగవతార్ గారి కచేరీలలో వాయించి పేరు తెచ్చుకున్నారు.

పక్కవాద్యం అంటే తాళం వేయడమే అనుకునేవారు వారి రికార్డులు ఒకసారి వినాలి. అరియకుడి గారికి ఒక తీరు, జి.ఎన్.బి. గారి వేగానికి మరో తీరు, మాలి గారి వేణువుకు ఇంకో తీరు. కీర్తనలో మాట ఎక్కడ ఆగితే మృదంగమూ అక్కడే ఆగేది. మైకు నాదాన్ని పాడుచేస్తుందని, మైకు పెట్టిన కచేరీలలో వాయించనని కొంతకాలం పట్టుబట్టారు. పెద్ద హాళ్ళలో వెనుక కూర్చున్నవారికి కష్టమే మరి! చివరికి వారే మెత్తబడ్డారు.

1966లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది. మృదంగ విద్వాంసులలో ఆ గౌరవం మొదట దక్కింది వారికే. 1971లో పద్మభూషణ్. ఇంత పేరున్న మనిషి 1970లలో మన మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాలకు వచ్చి పిల్లలకు మృదంగం నేర్పారు. పాల్ఘాట్ రఘు, ఉమయాళ్‌పురం శివరామన్, మన కమలాకరరావు గారు వారి శిష్యులే. 1981 మే 30న కన్నుమూశారు.