రేడియేషన్ మీటర్ల వెనక ఎ.ఎస్.రావు

హైదరాబాద్‌లో ఎ.ఎస్.రావు నగర్ తెలియని ఆటోవాలా ఉండడు. ఆ రావు గారు ఎవరో చెప్పగలిగినవాళ్లు మాత్రం తక్కువే. అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకొచ్చి, హోమీ భాభా దగ్గర పనిలో చేరారు.

అప్పటికి దేశంలో అణుశక్తి పని కొత్త. రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు, ఒంటికి తగిలినా తెలియదు. కొలిచే పరికరం లేకపోతే అక్కడ పని చేసేవాడు కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టే. ట్రాంబేలో రావు గారి బృందం ఆ పరికరాలను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. 1956 ఆగస్టులో నడిచిన అప్సర రియాక్టర్‌కు కంట్రోల్ వ్యవస్థ కూడా వాళ్లు చేసిందే. ఆ పనే పెరిగి 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అయింది. దాన్ని నడిపింది ఆయనే. జనానికి గుర్తున్నది ఈసీ టీవీ, ఓటింగ్ మెషిన్. రేడియేషన్ మీటర్లు కూడా ఆ ఫ్యాక్టరీవే అన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గదిలో రేడియేషన్ ఎంత ఉందో మీటర్ చెబుతుంది. మనిషికి ఎంత తగిలిందో తెలియాలంటే బ్యాడ్జి అతని ఒంటి మీదే ఉండాలి. మొదట్లో అందులో ఫిల్మ్ ముక్క పెట్టేవారు. 1970ల నుంచి టీఎల్‌డీ బ్యాడ్జి వచ్చింది. అందులోని చిన్న బిళ్లలను ల్యాబ్‌లో వేడి చేస్తే వెలుగు వస్తుంది. ఆ వెలుగును బట్టే డోసు లెక్క. ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు.

తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం వచ్చి ఎక్స్‌రే తీయించుకునే మనిషికి అది ఒక్కసారి పని. మెషిన్ దగ్గర ఉండే టెక్నీషియన్‌కు రోజూ అదే పని. గల్ఫ్‌లో పైపు వెల్డింగ్‌లకు రేడియోగ్రఫీ చేసే కుర్రాళ్లదీ అంతే. బ్యాడ్జి ఛాతీ దగ్గర, సీసం ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. డ్రాయర్‌లో పడేస్తే అది డ్రాయర్ డోసే చెబుతుంది, మనిషిది కాదు.

రావు గారికి 1972లో పద్మభూషణ్ వచ్చింది. 1978లో రిటైరయ్యారు, 2003లో కన్నుమూశారు. ఆయన పేరున్న కాలనీ ఈసీఐఎల్‌కు దగ్గరలోనే ఉంది.