మనోధైర్యానికి మారుపేరు – శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

పసిపిల్లలకు అక్షరాలు నేర్పడం ఎంత అవసరమో, ఓటమినీ దుఃఖాన్నీ తట్టుకొనే శక్తిని అలవరచడం కూడా అంతే అవసరం. పలక మీద తప్పుపడిన అక్షరాన్ని చెరిపి మళ్ళీ దిద్దించవచ్చు. పసిమనసులో నాటుకొన్న భయాన్ని అంత సులభంగా చెరపలేము. అయితే ఈ మనోనిబ్బరాన్ని నేర్పడానికి ప్రత్యేకమైన పాఠ్యపుస్తకమేదీ లేదు. మహనీయుల జీవితాలే అందుకు వాచకాలు. అటువంటి వాచకాలలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం మొదటి వరుసలో నిలుస్తుంది.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే ఆమెకు వివాహం జరిపించారు. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగలేనని ఆమె స్పష్టంగా తెలియజేయగా, కన్నవారు ఆమె నిర్ణయాన్ని మన్నించారు. లోకులేమనుకొంటారో అన్న భయం కంటె బిడ్డ మనసే ముఖ్యమని భావించిన తల్లిదండ్రులు ఆ రోజులలో అరుదు. దుర్గాబాయి ధైర్యానికి పునాదిరాయి వేసినది ఇంటిలోని ఈ ఆదరణయే.

ఆంగ్లమాధ్యమాన్ని నిర్బంధం చేయడాన్ని నిరసిస్తూ ఆమె చిన్నతనంలోనే బడి విడిచారు. కాని చదువును విడువలేదు. హిందీ నేర్చుకొని, నేర్చినదానిని తనలోనే దాచుకొనక, బాలికల కోసం హిందీ పాఠశాల ప్రారంభించారు. ఆటలాడుకొనే వయస్సులో ఉన్న ఆ పంతులమ్మ వద్ద తనకంటె పెద్దవారు సైతం చదువుకొన్నారు. స్వయంగా తల్లియే కుమార్తెకు సహాయంగా నిలిచారు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు వారిని దర్శించుకొనాలని దుర్గాబాయి తలపోశారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు నిండలేదు. అయిదు వేల రూపాయల నిధి సమకూర్చితేనే సమయం కేటాయించగలమని స్థానిక పెద్దలు నియమం పెట్టారు. ఆ బాలిక వెనుకంజ వేయలేదు. స్త్రీల సహాయంతో ఆ మొత్తాన్ని సేకరించి, సభ జరిపించారు. నాటి బహిరంగ సభలో గాంధీజీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించే గౌరవం కూడా ఆమెకు దక్కింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేనందున జవహర్లాల్ నెహ్రూ గారినే లోనికి పోనీయలేదు. టిక్కెట్టు తెప్పించిన పిదపనే అనుమతించారు. ఆ కర్తవ్యనిష్ఠను నెహ్రూ గారు మెచ్చుకొన్నారు.

చిన్న చేతులకు పెద్దలు నమ్మి అప్పగించిన పని ఎంతటి ఆత్మవిశ్వాసాన్ని కలిగిస్తుందో ఈ సంఘటనలు చాటుతున్నాయి. తరగతిలో సుద్దముక్కల పెట్టె బాధ్యతనో, పూలమొక్కకు నీరు పోసే బాధ్యతనో పొందిన పిల్లవాడు తాను కూడా ఒకరికి అవసరమైనవాడనని తెలుసుకొంటాడు. ఆ ఎరుకయే మనోధైర్యానికి మొదటి మెట్టు.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో, 1930 నుంచి 1933 మధ్య, దుర్గాబాయి మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించారు. వేలూరు జైలు తరువాత మదురై జైలులో సుమారు ఒక సంవత్సరం ఏకాంత నిర్బంధంలో ఉంచబడ్డారు. ఈ శిక్ష ఆమె ఆరోగ్యాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. ధీరులకు బాధ కలుగదని పిల్లలకు చెప్పడం సరికాదు. దుర్గాబాయికి బాధ కలిగింది, శరీరం కూడా క్రుంగింది. విడుదలైన పిమ్మట ఆమె కొంతకాలం రాజకీయాలకు దూరంగా ఉండి, ఆగిన చదువును తిరిగి అందుకొన్నారు. ఏడ్చిన పిల్లవాణ్ణి పిరికివాడని గేలి చేయక, తేరుకొనడానికి వ్యవధి నిచ్చి, తరువాత ఒక పనిలో ప్రవేశపెట్టడం ఉత్తమమన్న నీతి ఇందులో ఉన్నది.

జైలులో తోటి స్త్రీల నిరక్షరాస్యతను, చట్టం తెలియక వారు పడే కష్టాలను ఆమె కన్నులార చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం అక్కడనే మొలకెత్తింది. తోటివారు కళాశాల చదువులు ముగించిన వయస్సులో ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విద్యార్థినులకు వసతిగృహం లేదన్న అడ్డంకి ఎదురైనపుడు, మరికొందరు బాలికలను కూడగట్టి వసతి ఏర్పరచుకొన్నారు. అక్కడ ఆనర్సు పూర్తిచేసి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. ఇరుగుపొరుగు బాలికలకు పాఠాలు చెప్పే చిన్న బృందంగా మొదలైన ఆ ప్రయత్నం, క్రమంగా విద్య, వైద్యం, వృత్తిశిక్షణ అందించే మహాసంస్థగా ఎదిగింది. తమిళుల నడుమ నివసించే తెలుగు కుటుంబాల స్త్రీలకు అది పుట్టినిల్లయింది.

1946లో ఆమె రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల జాబితాలో స్థానం పొందిన ఏకైక మహిళ ఆమెయే. అయితే స్వతంత్ర భారతంలో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆమె పరాజితులయ్యారు. ఆ ఓటమి ఆమెను ఇంట కూర్చోబెట్టలేదు. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలుగా నియమితులై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అదే సంవత్సరం ఆర్థికవేత్త చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. మండలి సహాయంతో దేశంలోని పల్లెలలో బాలవాడీలు వెలిశాయి. నడుమ చదువు మానిన స్త్రీలు తక్కువ కాలంలో తిరిగి చదువుకొనేందుకు 1958లో సంక్షిప్త విద్యాపథకం ఆరంభమైంది. బడి మధ్యలో మానిన నాటి బాలిక తన వంటి వారికోసం తెరిచిన తలుపు అది. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి కూడా ఆమెయే అధ్యక్షత వహించారు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్న దుర్గాబాయి 1981 మే 9వ తేదీన పరమపదించారు.

ఆమె జీవితంలో ఒక క్రమం కనిపిస్తుంది. తనకు కలిగిన ప్రతి లోటునూ ఆమె ఇతరుల అవసరంగా గుర్తించారు. బడి మానిన తరువాత బడి పెట్టారు. వసతి లేదంటే పదిమందికి వసతి చూశారు. జైలులో కన్న అజ్ఞానానికి జవాబుగా న్యాయశాస్త్రం చదివారు. దుఃఖాన్ని దిగమింగుకొని కూర్చొనక, దానిని సేవగా మలచుకొనడమే ఆమె సాధించిన మనోనిబ్బరం.

ఇంట తెలుగు, వీధిలో తమిళం, ఆ ప్రక్క ఊళ్ళలో కన్నడం వినిపించే ధర్మపురి ప్రాంతంలో పెరిగే తెలుగు బిడ్డకు తాను వేరన్న సంకోచం కలగడం సహజం. మార్కులు తగ్గినపుడు, పోటీలో ఓడినపుడు, స్నేహితుడు అలిగినపుడు ఆ చిన్న గుండె మరింత బరువెక్కుతుంది. అప్పుడు అమ్మ ఒడిలోనో, అయ్యవారి బల్ల ప్రక్కనో ఈ కథ చెప్పవలసి ఉంటుంది. కథ ముగిసిన తరువాత ఆ బిడ్డను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: నీకు కలిగిన ఈ కష్టం మరొక పిల్లవానికి కలిగితే, నీవేమి సహాయం చేస్తావు? ఆ జవాబు వెదకడంలోనే కన్నీరు ఆరుతుంది, ధైర్యం చిగురిస్తుంది. డెబ్బదియైదు వసంతాలు నిండిన పాఠశాలకు రాబోయే తరాలకు అందించదగిన కానుక ఇంతకంటె మరొకటి లేదు.