రెసిడెన్సీ దొర కుటుంబం



కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాల నుండి చదువుకనో పనికనో హైదరాబాదు వెళ్లిన పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వారిలో ఎవరైనా పండుగకు ఇంటికి వచ్చి, తాను పెండ్లాడదలచిన మనిషిది మన భాష కాదు, మన దేశమూ కాదు అని చెబితే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. తల్లి కళ్లు ఒత్తుకుంటుంది. తండ్రి తెల్లవారగానే విచారణ గురువుల దగ్గరకు బయలుదేరుతాడు. బంధువులు ఏమంటారు, పుట్టే పిల్లలు ఎవరి పిల్లలవుతారు అన్న రెండు ప్రశ్నలే అందరి నోటా వినిపిస్తాయి. మొదటి ప్రశ్న నాలుగేళ్లలో దానంతట అదే సమసిపోతుంది. రెండవది అంత తేలిక కాదు. ఈ వారం మీకు చెప్పబోయే జీవితం ఆ రెండవ ప్రశ్నకు సంబంధించినది.

హైదరాబాదు కోఠీలో పెద్ద పెద్ద స్తంభాలతో ఒక తెల్లని భవనం ఉంది. 1949 నుండి అది మహిళా కళాశాల, 2022లో విశ్వవిద్యాలయం అయింది. కుంపిణీ వారి ప్రతినిధి, అంటే రెసిడెంటు, నివసించడానికి 1803లో దాని నిర్మాణం మొదలైంది. కట్టించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టాడు. కుంపిణీ సైన్యంలో పనిచేసి, 1798లో తన అన్న విలియం తరువాత హైదరాబాదు రెసిడెంటు అయ్యాడు. అప్పటి ప్రభువు నిజాం అలీఖాన్. ఆయన మనకు కొత్తవాడు కాదు. మన శ్రీకాకుళం, అంటే ఆనాటి చికాకోలు సర్కారును, మరికొన్ని సర్కారులతో కలిపి 1766 ఒడంబడికలో కుంపిణీకి ఒప్పగించినది ఆయనే.

జేమ్స్ పారసీ, హిందూస్తానీ చక్కగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదీ దుస్తులు ధరించేవాడు, దర్బారు మర్యాదలు ఎరిగినవాడు. నిజాం ఆయనను కొడుకువలె చూసుకున్నాడు, హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. 1798 అక్టోబరులో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని రక్తపాతం లేకుండా నిరాయుధం చేయించిన ఘనత కూడా ఆయనదే. అయితే ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆయన కుదిర్చిన 1798, 1800 ఒడంబడికలతోనే హైదరాబాదు రాజ్యం ఆంగ్లేయుల చేతికి చిక్కింది. ఊరినీ ప్రజలనూ ప్రేమించిన మనిషే ఆ ఊరి మెడకు తాడు కట్టాడు. మనుషులు అలాగే ఉంటారు కాబోలు.

ఆయన మనసుపడిన అమ్మాయి ఖైరున్నీసా. సయ్యదుల ఇంటి పిల్ల, నవాబుల బంధువు, అప్పటికే మరొకరితో సంబంధం ఖాయమైనది. తల్లి షరఫున్నీసా కూతురి పక్షాన నిలిచింది. తాత బాకర్ అలీఖాన్ మొదట ససేమిరా అన్నాడు. ఆమె వయస్సు సుమారు పధ్నాలుగు, ఆయనకు ముప్పై అయిదు దాటాయి. ఇప్పటి చట్టం ఇటువంటి పెండ్లిని నిషేధిస్తుంది, నిషేధించడమే న్యాయం. ఈ కథను వట్టి ప్రేమకథగా చెప్పేవారు ఆ సంగతి దాటవేస్తారు. మనం దాటవేయనక్కరలేదు.

పెండ్లి కోసం జేమ్స్ ఇస్లాం స్వీకరించాడు. 1801 మార్చిలో కొడుకు, 1802 ఏప్రిల్‌లో కూతురు పుట్టారు. కొడుకు గులాం అలీ, కూతురు నూరున్నీసా. భార్య ఘోషాను గౌరవించి రెసిడెన్సీ ఆవరణలోనే ఆమెకు రంగమహల్ అనే జనానా కట్టించాడు. ఘోషా దాటి వచ్చి పెద్ద భవనాన్ని చూడలేని ఆమె కోసం దాని చిన్న నమూనాను తోటలో కట్టించాడని అక్కడివారు చెప్పుకుంటారు.

మరి కష్టం ఎక్కడ వచ్చింది? ఇంట్లో కాదు, ఆఫీసులో. జేమ్స్ ఈ సంబంధాన్ని తన పైవాడైన గవర్నర్ జనరల్ వెల్లస్లీకి సూటిగా చెప్పలేదు. అన్నకు చెప్పుకున్నాడు, పైవారికి సగమే చెప్పాడు. దాచిన సగం ఇతరుల నోట కలకత్తా చేరింది. బలవంతం చేశాడనీ, అధికారం వాడుకున్నాడనీ ఆరోపణలు లేచాయి. 1801లో సైనికాధికారులను ప్రమాణం చేయించి విచారించారు. బలవంతం జరగలేదని తేలింది, ఉద్యోగం నిలిచింది. కాని ఆ పెండ్లి ఆంగ్లేయుల చట్టం దృష్టిలో పెండ్లి కాకుండానే ఉండిపోయింది. మొదటి రోజే ధైర్యం చేసి చెప్పి ఉంటే ఏమయ్యేదో గాని, చాటున చేసిన పనికి చాటునే ఉండిపోయే స్వభావం ఉంటుంది. వివాహానికి ముందు విచారణలో ప్రకటనలు ఎందుకు చదువుతారని విసుక్కునే యువకులకు ఈ ముక్క చూపించవచ్చు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ పిల్లల విషయంలో తగిలింది. భారతీయ తల్లికి పుట్టినవారికి తన కొలువులో ఉద్యోగాలు లేవని కుంపిణీ 1791లోనే ఆజ్ఞ జారీ చేసింది. హైదరాబాదులో పెరిగితే తండ్రి వైపు తలుపులు మూతపడతాయి. ఇంగ్లండు పంపితే తల్లి వైపువి మూతపడతాయి. జేమ్స్ ఇంగ్లండునే ఎంచుకున్నాడు. 1805లో, నాలుగేళ్ల కొడుకూ మూడేళ్ల కూతురూ మద్రాసులో ఓడ ఎక్కారు. ఎక్కేముందు జార్జ్ చినెరీ అనే చిత్రకారుడు, జరీ బట్టల్లో ఉన్న ఆ ఇద్దరి పటం గీశాడు. తల్లి వారిని మళ్లీ చూడలేదు. తండ్రి కూడా చూడలేదు. ఆ అక్టోబరు 15న కలకత్తాలో, నలభై ఒకటో ఏట కన్నుమూశాడు.

1806 మార్చిలో లండన్‌లో పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించారు. కొడుకు విలియం జార్జ్, కూతురు కేథరిన్ అరోరా అయ్యారు. తల్లిదండ్రులు ఇద్దరూ చెంత లేని జ్ఞానస్నానం అది. తల్లి పెట్టిన పేర్లు అక్కడితో ఆగిపోయాయి. కెంట్‌లోని తాతగారి ఇంట వారు పెరిగారు. అమ్మమ్మగారి వైపుతో ఉత్తరాలు సాగనివ్వలేదు.

ఖైరున్నీసా సంగతి ఇంకా విషాదం. భర్త సమాధిని చూడటానికి కలకత్తా వెళ్లింది. అక్కడ భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రసెల్ అనే యువకుడిని నమ్మింది. ప్రధానమంత్రి మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వకపోవడంతో మచిలీపట్నంలో తలదాచుకుంది. రసెల్ 1808లో మద్రాసులో మరొకామెను పెండ్లాడాడు. మీర్ ఆలం పోయిన తరువాత ఆమె హైదరాబాదు చేరి, 1813 సెప్టెంబరు 22న మరణించింది. ఇరవై ఏడేళ్లే.

కొడుకు విలియం పదకొండేళ్ల వయసులో మరుగుతున్న నీళ్ల కాగులో పడి ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. 1828లో చనిపోయాడు. కూతురు కేథరిన్‌ను అందరూ కిట్టీ అనేవారు. ఆమె చల్లని స్వభావాన్ని చూసి తరువాత మహా రచయితగా పేరొందిన థామస్ కార్లైల్ మనసు పారేసుకున్నాడు. ఆయన గ్రంథంలోని బ్లూమిన్ పాత్రకు ఆమే మూలమని చాలామంది నమ్మకం. అప్పటికి ఆయన బీద ఉపాధ్యాయుడు, పెండ్లి మాట సాగలేదు. 1829లో ఆమె ఫిలిప్స్ అనే కెప్టెన్‌ను వివాహమాడి పిల్లలతో సుఖంగా ఉంది.

పుట్టిన ఊరు మాత్రం ఆమెను వదలలేదు. ఒకసారి ఇంగ్లండులో రసెల్ ఇంటికి వెళ్లిన కిట్టీ గోడమీద చినెరీ పటం చూసింది. అందులో తాను, తన అన్న. అక్కడే నిలబడి ఏడ్చేసింది. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బ్రతికే ఉందని తెలిసింది. ఆ రసెల్ ద్వారానే, రెసిడెన్సీలోని ఒక అధికారి చేత ఉత్తరం చేరింది. దాదాపు ముప్పై ఆరేళ్ల తరువాత! ముసలామె పారసీలో చెప్పి రాయించేది, మనవరాలు ఆంగ్లంలో రాసేది, మధ్యలో ఎవరో తర్జుమా చేసేవారు. ఆరేళ్లు అలా సాగింది. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. అయినా ఆ ఇద్దరూ ఒక ఇంటివారే అయ్యారు.

1847లో అమ్మమ్మ కన్నుమూసింది. వారు కలుసుకోనేలేదు. రంగమహల్‌ను 1860లో మరో రెసిడెంటు పడగొట్టించాడు. రసెల్ పోతూ పోతూ ఆ పటాన్ని కిట్టీకి రాసి ఇచ్చాడు. ఆమె 1889లో టార్కీ అనే సముద్రతీర పట్టణంలో మరణించింది. జరీ బట్టల్లోని ఆ అన్నాచెల్లెళ్ల పటం ఆ తరువాత ఎన్నో చేతులు మారి, హాంకాంగ్‌లో ఒక బ్యాంకు వారి సొత్తయింది.